నాంచారమ్మ ప్లేటు, కమిటీవారి ముల్లు

నాంచారమ్మ తన గొంతును ప్రభుత్వానికి అప్పగించిన రోజున ఆమెకు శాలువా కప్పారు. గొంతు అంటే ఇప్పటిది కాదు, ఆమె పదమూడో ఏటిది. అది నల్లటి గ్రామఫోన్ ప్లేటు మీద, ఒక వైపున మాత్రమే, మూడు నిమిషాల పద్యంగా ఉంది. రెండోవైపు ఎవరో కంపెనీ యజమాని బావమరిది ఫిడేలు వాయించాడు. దాని సంగతి ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, ఆయన బతికున్న రోజుల్లో కూడా అక్కర్లేదు.

తెనాలి చుట్టుపక్కల రాత్రి నాటకాలు జోరుగా సాగిన కాలంలో దొప్పలపూడి నాంచారమ్మ వేషం ఉందంటే జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. ఇప్పుడావిడకి ఎనభై దాటాయి. గొంతుకి ఆపరేషను జరిగాక మాటే గీరుకుపోతూ వస్తుంది, ఇక పాట సంగతి చెప్పక్కర్లేదు. పద్యం తలలో చెక్కుచెదరకుండా ఉంది, గొంతులోకి మాత్రం దిగదు. ఆవిడ గురువు వల్లూరి గురవయ్యగారు ఆ పద్యంలో ‘రావేల’ అన్న మాట దగ్గర ఒక విరుపు నేర్పారు. స్వరం పైకి వెళ్తున్నట్టే వెళ్ళి, వెళ్ళకుండా పక్కకి ఒరిగి, ఏడుపు రాబోయి ఆగిపోయినట్టుగా కిందికి జారుతుంది. గురవయ్యగారు పోయారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళూ పోయారు. ఆ విరుపు ఇప్పుడు భూమ్మీద ఆ ప్లేటులో తప్ప మరెక్కడా లేదు.

నాంచారమ్మ మనవరాలు వైజయంతి మునిసిపల్ స్కూల్లో సంగీతం టీచరు. మంచి గొంతు, దానికి తగ్గ బుద్ధి. ఆ విరుపును ఆ పిల్ల చేతిలో పెట్టి పోవాలన్నది ముసలావిడకి మిగిలిన ఒకే ఒక కోరిక. చేతులు తిప్పి చూపించింది, కనుబొమలు ఎత్తి చూపించింది, వేలితో గాలిలో గీసి చూపించింది. వైజయంతి అంతా శ్రద్ధగా చూసి, “అమ్మమ్మా, నువ్వు పాట చెప్తున్నావో ముగ్గు నేర్పుతున్నావో నాకు అర్థం కావట్లేదు” అంది.

ఇంట్లో ప్లేటు ఉందిగాని మోగించే పెట్టె లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్ర ప్రాచీన నాద సంరక్షణ మండలివారు పేపర్లో ప్రకటన వేయించారు. మీ ఇంటి పాత రికార్డులు మాకివ్వండి, శాశ్వతంగా భద్రపరుస్తాం, నకలు ఉచితంగా ఇస్తాం అని. భద్రపరుస్తాం అన్న మాట వింటే ఒళ్ళు జలదరించనివాళ్ళు ఈ దేశంలో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. నాంచారమ్మ వారిలో ఒకరు.

మండలి సంచాలకులు పరాంకుశరావుగారు అంతకుముందు మత్స్యశాఖలోనూ, దానికి ముందు భూగర్భ జలాల శాఖలోనూ పనిచేశారు. అందువల్ల లోతైన విషయాలంటే ఆయనకి అభినివేశం ఎక్కువని శాలువా కప్పిన సభలో వక్తలందరూ అన్నారు. ఆయన ప్లేటును రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, బీరువాలో పెట్టి తాళం వేయించారు. కొంతకాలం చూసి నాంచారమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని నకలు కోసం వెళ్ళింది.

పరాంకుశరావుగారు కాఫీ తెప్పించి, కుర్చీలో వెనక్కి వాలి విషయం వివరించారు. నకలు తీయడం క్షణాలమీద పనేనట. అయితే ప్లేటును ఏ యంత్రం మీద మోగించి తీయాలన్నది మౌలికమైన ప్రశ్న అట. మండలి త్వరలో ‘ఊరూరా నాదం’ అనే పథకం మొదలుపెట్టబోతోంది. ఊరికో రోజు చొప్పున పాత పాటలు వినిపిస్తారు. దానికి చేత్తో పట్టుకుపోగల పెట్టె కావాలి. ఆఫీసులో అలాంటివి రెండున్నాయి. ఒకటి పాతకాలం గ్రామఫోను, కీ ఇస్తే తిరుగుతుంది. రెండోది నిరుడు కొన్న కొత్తరకం. ఈ రెండింటిలో ఏది నాణ్యమైనదో తేలాలి.

“నాణ్యత నిర్ధారణ కానిదే నకలు తీయరాదని మా నిబంధనావళిలో స్పష్టంగా ఉందమ్మా. నాసిరకం యంత్రం మీద నకలు తీసి మీ కళకి ద్రోహం చెయ్యమంటారా?” అన్నారాయన. ద్రోహం చెయ్యమని ఏ కళాకారిణి మాత్రం అంటుంది?

అలా నాణ్యతా తులనాత్మక నిర్ధారణ కమిటీ పుట్టింది. అధ్యక్షులు పరాంకుశరావుగారే. విద్యుత్తు శాఖలో ఇంజనీరుగా రిటైరైన కోదండపాణిగారు సాంకేతిక సభ్యులు. నిహాంత్ అనే యువకుడు శ్రవణానుభూతి సలహాదారు. అతనికి చిన్న పిలక ఉంది. ప్రతి సమావేశానికి హైదరాబాదు నుంచి గన్నవరం దాకా విమానంలో వచ్చి, అక్కణ్ణుంచి తెనాలి దాకా ప్రయాణం ఎంత దుర్భరంగా ఉందో కాసేపు చెప్పి, అప్పుడు వినడం మొదలుపెట్టేవాడు.

పరీక్షకి ఏ రికార్డు వాడాలన్నది మొదటి సమస్య. పాడినవారు సజీవులై ఉండాలని కోదండపాణిగారు పట్టుబట్టారు. యంత్రం నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో అడగడానికి ఒక మనిషి ఉండాలి కదా. మండలి బీరువాల్లో ఉన్న ప్లేట్లన్నీ గాలించారు. పాడినవారు బతికున్నది ఒక్కటే తేలింది. అలా నాంచారమ్మ ప్లేటు పరీక్షా రికార్డు అయింది, నాంచారమ్మ ‘మూలస్వర సభ్యురాలు’ అయింది. మనవరాలు సహాయకురాలుగా పక్కన కూర్చోవచ్చు, ఫోన్లు మాత్రం గుమ్మం దగ్గరే అప్పగించాలి. శ్రవణ పవిత్రత అని దానికి పేరు.

నిజం చెప్పాలంటే నాంచారమ్మకి ఇదంతా బాగానే నచ్చింది. ఆఫీసు జీపు ఇంటిముందుకి వచ్చేది. వీధిలో వాళ్ళంతా చూస్తుండగా పట్టుచీర కట్టుకుని ఎక్కేది. మీటింగులో వెండి పళ్ళెంలో వేయించిన జీడిపప్పు. నాటకంలో మహారాణి వేషం కట్టినప్పుడు కూడా ఆవిడకి మరమరాలు తప్ప జీడిపప్పు పెట్టినవాడు లేడు.

మొదటి సమావేశంలో బల్ల మీద రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టారు. ఒకటి మిలమిలలాడే నీలం రంగుది. రెండోదానికి ఇత్తడి మూలలు, తోలు పట్టీ, చెదలు కొట్టిన చెక్కలాంటి పైకప్పు. ముందు ఇత్తడి మూలల పెట్టె మీద ప్లేటు పెట్టారు. హార్మోనియం ఒక్కసారి ఊపిరి పీల్చింది. తరవాత ఒక పిల్ల గొంతు గదిలోకి వచ్చింది.

నాంచారమ్మ కుర్చీలో ముందుకి వంగింది. ఆ పిల్లని చూసి డెబ్భై ఏళ్ళు దాటింది. ఎంత పొగరు ఆ గొంతులో, ఎంత భయం లేనితనం. ‘రావేల’ దగ్గరికి వచ్చేసరికి గురవయ్యగారి విరుపు వచ్చింది, ఒరిగింది, జారింది, వెళ్ళిపోయింది. వైజయంతి అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పట్టుకోగలిగింది చెయ్యినే, విరుపును కాదు.

“ఇంకోసారి వేయించండి బాబూ” అని నాంచారమ్మ కన్నీళ్ళతో అడిగింది. వేశారు. మూలస్వర సభ్యురాలి కోరికపై పునఃశ్రవణం జరిగినట్టు రాసుకున్నారు. ఆ తరవాత ఎన్నిసార్లు ఆ ప్లేటు అరగదీసినా ఆ ఒక్క వాక్యాన్నే ఆధారంగా చూపించారు.

ఇత్తడి మూలల పెట్టె విన్నంతసేపూ నిహాంత్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇందులో ఒక ఆత్మ ఉందన్నాడు. ఈ తరం పోగొట్టుకున్న వెచ్చదనం ఉందన్నాడు. నీలం పెట్టె మోగినప్పుడు మొహం చిట్లించి, ఇది చల్లగా ఉంది, ప్లాస్టిక్ వినిపిస్తోంది అన్నాడు. కోదండపాణిగారు తన మీటరు కూడా అదే చెబుతోందన్నారు. పరాంకుశరావుగారు పూర్వీకుల పనితనం గురించి మాట్లాడి, ప్రాచీన యంత్రమే శ్రేష్ఠమని ముగించబోయారు.

“బాబూ, ఆత్మ ఉందన్నారే, ఆ పెట్టెకి ఛార్జింగు వైరు వేలాడతా ఉంది చూడండి” అంది నాంచారమ్మ.

చూశారు. సంగతేమిటంటే, పాత వస్తువుల మోజు ఉన్న కుర్రకారు కొంటారని కంపెనీవాడు కొత్త పెట్టెని పుట్టుకతోనే ముసలిదిగా తయారుచేశాడు. స్టోరులో దొరికిన పాత పెట్టెకి మండలివారు నియమం ప్రకారం కొత్త నీలం రంగు వేయించారు. జీడిపప్పు నమలడం మాత్రం వినిపించింది. చివరికి పరాంకుశరావుగారే గొంతు సవరించుకున్నారు. సభ్యులు వ్యక్తపరచిన అభిప్రాయాలు ప్రాచీనత అనే భావనకి సంబంధించినవే తప్ప సదరు యంత్రాలకి సంబంధించినవి కావని, కనుక అవి చెల్లుతాయని, యంత్రాల విషయం మళ్ళీ మొదటినుంచి విందామని ఆయన అన్నారు.

అక్కణ్ణుంచి కమిటీ పట్టుదలగా పనిచేసింది. సమాన పరిస్థితులు ఉండాలన్నారు కోదండపాణిగారు. పాతదానికి కరెంటు లేదు కనుక కొత్తదాన్ని కూడా కరెంటు లేకుండా, బ్యాటరీ తీసేసి పరీక్షించారు. నేపథ్య శబ్దం శూన్యం, అత్యున్నత ప్రమాణం అని నిహాంత్ మెచ్చుకున్నాడు. పాతదానికి అన్యాయం జరక్కూడదని దాన్నీ కీ ఇవ్వకుండా విన్నారు. ఉభయ యంత్రములును నిశ్శబ్దమందు సమాన నాణ్యత కనబరచినవి అని తీర్మానించారు. ఇన్ని సమావేశాల్లో ప్లేటుకి ఏ హానీ జరగనిది ఆ ఒక్కరోజేనని నాంచారమ్మకి తరవాత అర్థమైంది.

మిగిలిన రోజుల్లో హాని తప్ప ఇంకేమీ జరగలేదు. ప్రతి సభ్యుడూ విడివిడిగా వినాలి. కుడిచెవితో ఒకసారి, ఎడమచెవితో ఒకసారి. భోజనానికి ముందు, భోజనం తరవాత. భోజనం తరవాత విన్నప్పుడు పరాంకుశరావుగారు తరచు నిద్రపోయేవారు కనుక ఆయన కోసం మళ్ళీ వేసేవారు. కొత్త పెట్టె ముల్లు సన్నటి గీతల రికార్డుల కోసం చేసింది. అది ఈ పాత ప్లేటు గాడిలో అడుగంటా దిగి గోకేది. పాత పెట్టె ఉక్కు ముల్లు మొద్దుబారి, గాడి గోడల్ని నాగలిలా దున్నేది.

ప్రతి వాయింపుకీ ఉక్కు ముల్లు మార్చాలని నాంచారమ్మ చెప్పి చూసింది. తమ కంపెనీలో గురవయ్యగారు అట్టాగే చేసేవారని, లేకపోతే ప్లేటు పాడైపోయిద్దని చెప్పింది. కోదండపాణిగారు ఓపికగా విన్నారు. ముల్లు యంత్రంలో అంతర్భాగమని, పరీక్ష మధ్యలో యంత్రాన్ని మార్చడం శాస్త్రీయ దృక్పథానికి విరుద్ధమని ఆయన నచ్చజెప్పారు. మరి ప్లేటు మారిపోతోంది కదా అని వైజయంతి అడిగింది. ప్లేటును పరీక్షించడం కమిటీ పరిధిలో లేదని ఆయన అన్నారు.

పెట్టెల్ని నిజంగా చేత్తో మోయగలమా అన్న పరీక్షతో వ్యవహారం పరాకాష్ఠకి చేరింది. మూసి మోస్తే అది వట్టి సూట్‌కేసు అవుతుందని, మోస్తుండగా మోగితేనే మోయదగిన వాద్యయంత్రం అవుతుందని కోదండపాణిగారు వాదించారు. ఇంత సూక్ష్మమైన తేడా తమకి తట్టనందుకు మిగతావాళ్ళు సిగ్గుపడ్డారు. ఒక అటెండరు మూత తెరిచిన పెట్టె ఎత్తుకున్నాడు, ఇంకొకడు ముల్లు ఎగరకుండా వేలితో అదిమిపెట్టాడు. ప్లేటు మోగుతుండగా మేడ మెట్లు దిగి, ఆఫీసు చుట్టూ తిరిగి, మళ్ళీ మెట్లెక్కాలి. వెనకాల కమిటీ, దాని వెనక సిబ్బంది. రోడ్డున పోయేవాళ్ళకి అది ఊరేగింపో శవయాత్రో తేలక, ఎందుకైనా మంచిదని ఒక దణ్ణం పెట్టి తప్పుకున్నారు.

తిరిగి మెట్లెక్కేటప్పుడు అటెండరు కాలు తడబడింది. కర్రుమని ఒక చప్పుడు. వరండాలో కుర్చీలో కూర్చున్న నాంచారమ్మకి ఆ చప్పుడు ఒంట్లో వినిపించింది. ప్లేటుకి అడ్డంగా తెల్లటి గీత పడింది. పడటం పడటం సరిగ్గా ‘రావేల’ మీదే పడింది.

ఆనాటి నుంచి ముల్లు అక్కడికి వచ్చేసరికి ముందుకి పోయేది కాదు. ‘రావే’ అని, వెనక్కి దూకి మళ్ళీ ‘రావే’ అని, మళ్ళీ ‘రావే’ అనేది. మూడోసారికి పరాంకుశరావుగారికి విసుగొచ్చి బల్ల మీద అరచేత్తో చరిచేవారు. ఆ అదురుకి ముల్లు గీత దాటి మిగతా పద్యం అందుకునేది. గురవయ్యగారి విరుపు ఉండవలసిన చోట ఒక చరుపు మిగిలింది.

నాంచారమ్మ ఇక ఊరుకోలేదు. జీడిపప్పు పళ్ళెం పక్కకి నెట్టేసి లేచి నిలబడింది. ఆవిడకి కమిటీ మీద ఎంత కోపం వచ్చిందో, పట్టుచీర కట్టుకుని ఇన్నాళ్ళూ వచ్చినందుకు తన మీద తనకి అంతకన్నా ఎక్కువ వచ్చింది.

“ఏందయ్యా మీరు చేస్తన్నది? గరగర తప్ప గొంతేదీ అందులో? నా గొంతు ఇట్టా ఉండేదా?” అంది.

కోదండపాణిగారు ఆ మాటని ఎంతో ఇష్టంగా పట్టుకున్నారు. గొంతు ఎట్లా ఉండేదన్నది ఊహాగానమనీ, ఎట్లా ఉందన్నదే కొలవగలిగిన విషయమనీ, మూలస్వర సభ్యురాలు ఉన్నదే అందుకనీ అన్నారు. ఆవిడ ముందు మైకు పెట్టించి ఆ పద్యం పాడమన్నారు. వద్దని వైజయంతి కొంగు పట్టుకుని లాగింది. కాని ముసలావిడకి పౌరుషం పొడుచుకొచ్చింది, ఒక్కసారైనా ఆ విరుపు వీళ్ళ చెవుల్లో వేద్దామనుకుంది. పాడింది. ఆపరేషను అయిన గొంతు పాపం ఏం చేస్తుంది? గీరుకుంది, బొంగురుపోయింది, మధ్యలో ఆగింది. ‘రావేల’ దగ్గర ఊపిరి అందక రెండు మూడుసార్లు ప్రయత్నించి కూర్చుండిపోయింది.

కమిటీ సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ మొహాలు వెలిగిపోతున్నాయి.

తరవాతి సమావేశానికి కోదండపాణిగారు ఒక గ్రాఫు గీసి తెచ్చారు. తొలిరోజుల్లో యంత్రాలు వినిపించిన స్వరానికీ, సభ్యురాలి వాస్తవ స్వరానికీ పోలికే లేదు. ఏదో చిన్నపిల్ల పాడినట్టుంది. సమావేశాలు జరిగినకొద్దీ తేడా తగ్గుతూ వచ్చింది. గరుకుదనం, బొంగురు, ఊపిరి ఎగపోత అన్నీ ఒక్కటొక్కటిగా సమకూరాయి. ఇప్పుడు ‘రావే’ దగ్గర తడబాటు కూడా కలిసింది. అంటే వాడినకొద్దీ యంత్రాల నాణ్యత పెరుగుతోందన్నమాట. రెండింటిలోనూ పాత పెట్టె మూలానికి మరింత దగ్గరగా చేరుకుంది కనుక అదే ఉత్తమం. పూర్వీకుల పనితనం గురించి తాను మొదట్లో చెప్పిన మాట నిజమైనందుకు పరాంకుశరావుగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ వెచ్చదనం నీలం పెట్టెలోంచే వస్తోందని తనకి ముందునుంచీ అనుమానంగా ఉందన్నాడు నిహాంత్.

ఆ మధ్యాహ్నమే పాత పెట్టె మీద ప్లేటు మోగించి అధికారికంగా నకలు తీశారు. హోరు, గరగర, మూడు ‘రావే’లు, బల్ల మీద చరుపు, దాని తరవాత పరాంకుశరావుగారి చిన్న దగ్గు. నాంచారమ్మకి ఒక కాపీ ఇచ్చి మళ్ళీ శాలువా కప్పారు.

ఇంటికొచ్చి ఆవిడ అన్నం ముట్టలేదు. గురవయ్యగారు తనని నమ్మి ఇచ్చిన వస్తువుని తనే తీసుకెళ్ళి జీడిపప్పుకి తగలేసి వచ్చానని గోడకేసి తిరిగి పడుకుంది. వంటింట్లో వైజయంతి బియ్యం కడుగుతోంది. కడుగుతూ కడుగుతూ, ఎవరికోసమూ కాకుండా, తనలో తాను పద్యం తీసింది. ‘రావేల’ దగ్గర గొంతు పైకి వెళ్ళబోయి, వెళ్ళకుండా ఒరిగి, ఏడుపు రాబోయి ఆగినట్టు కిందికి జారింది.

నాంచారమ్మ మంచం దిగి గోడ పట్టుకుని వంటింటి దాకా వచ్చింది. చెయ్యి పొయ్యిగట్టు మీద ఆనించి, మళ్ళీ పాడమంది. పాడింది. మళ్ళీ పాడమంది. ప్లేటు పూర్తిగా పాడయ్యేలోపు అన్నిసార్లు విని విని అది పిల్ల గొంతులోకి ఎక్కేసింది. కమిటీవాళ్ళు ఇంత నిదానస్తులు కాకపోతే ఎక్కేది కాదేమో అని వైజయంతే అంది. ముసలావిడ ఏడుస్తూనే నవ్వింది. ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకుని తింది.

ఆ సంతోషంలోనే ఇద్దరూ ఒక పొరపాటు చేశారు. మర్నాడు మండలికి వెళ్ళి, నకలు చెడిపోయింది గనక దాని బదులు వైజయంతి పాడినదాన్ని భద్రపరచమని అడిగారు. కమిటీని పిలిపించారు. వైజయంతి నిలబడి పాడింది. పదమూడేళ్ళ నాంచారమ్మ మళ్ళీ ఆ గదిలోకి వచ్చి నిలబడినట్టయింది. ముసలావిడ కళ్ళు మూసుకుని తలాడించింది. సభ్యులు తలలు వంచుకుని అధికారిక నకలుతో పోల్చి చూసుకుంటూ ఉండిపోయారు.

పరాంకుశరావుగారు ఎంతో బాధపడుతూ తీర్పు చెప్పారు. “అమ్మాయి గాత్రం శ్రావ్యంగానే ఉంది. కాని మూలంలో ఉన్న ఆ గంభీరమైన గరగర ఇందులో ఏదమ్మా? మూలంలో ‘రావే’ అనే పదం మూడు పర్యాయములు వచ్చింది, ఇక్కడ ఒక్కసారే వచ్చింది. తాళం చరుపు అసలు లేనే లేదు. దీన్ని ప్రామాణికంగా స్వీకరించడం మీ సంప్రదాయానికే అన్యాయం.”

“ఆ సంప్రదాయం నేనేనయ్యా” అంది నాంచారమ్మ.

మీరు సజీవులుగా ఉన్నందువల్లే ఇంత కచ్చితంగా తేల్చగలిగామని ఆయన చేతులు జోడించారు.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. స్కూళ్ళు తెరిచేసరికి జిల్లాలోని బడులన్నిటికీ సర్క్యులరు వచ్చింది. తెనాలి రంగస్థల బాణీని నేటి తరానికి అందించే నిమిత్తం మండలి ధ్రువీకరించిన పద్యాన్ని పిల్లలందరికీ నేర్పాలి. సంవత్సరాంతంలో పోటీ ఉంటుంది. మొదటి బహుమతి ఒక సూట్‌కేసు రికార్డు ప్లేయరు, ఇత్తడి మూలలది. వైజయంతి సంగీతం టీచరు కనుక ఆ సర్క్యులరు ఆమె చేతికే వచ్చింది, చదివి సంతకం పెట్టక తప్పలేదు.

ఉద్యోగం చెయ్యాలి, పద్యమూ బతకాలి. ఆలోచించి పిల్లలకి రెండూ నేర్పింది. ఒకటి పోటీకి, ఒకటి పాడుకోవడానికి. అమ్మమ్మని రిక్షాలో తెచ్చి క్లాసులో కూర్చోబెట్టి, ఈవిడ పాడిన పద్యం ఇదీ అని అసలుది పాడి వినిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పరీక్షకి రానిది గనక ఆ సాయంత్రానికల్లా మర్చిపోయారు. పోటీది మాత్రం వీధివీధినా సాధన చేశారు. గొంతు బొంగురుపోవడానికి ఐస్ తిన్నవాళ్ళు కొందరు, జాతరలో అరిచినట్టు అరిచినవాళ్ళు కొందరు. ‘రావే, రావే, రావే’ అని బెంచీ మీద చరవడం, చరిచాక చిన్నగా దగ్గడం. దగ్గుకి విడిగా మార్కులున్నాయట.

పోటీ నాడు నాంచారమ్మే ముఖ్య అతిథి. వేదిక మీద పరాంకుశరావుగారి పక్కన కూర్చుని, పిల్లల్ని ఒకరి తరవాత ఒకరిని విన్నది. ఇంతమంది పిల్లలు, ఇంత మంచి గొంతులు, ఒక్కొక్కరూ ఎంతో కష్టపడి వాటిని పాడుచేసుకుని వచ్చారు. ఆవిడ కళ్ళ నీళ్ళు చూసి పరాంకుశరావుగారు మైకులో, కళాకారిణి ఆనందబాష్పాలు రాలుస్తున్నారని సభకి తెలియజేశారు. బహుమతి కోదండపాణిగారి మేనకోడలి కొడుక్కి వచ్చింది. వాడికి పుట్టుకతోనే దగ్గు ఉంది.

సభ అయ్యాక చందన అనే ఆరో తరగతి పిల్ల వైజయంతి చెయ్యి పట్టుకుని నాంచారమ్మ దగ్గరికి వచ్చింది. గొంతు చక్కగా, గంటలా ఉన్న పిల్ల. అందుకే ఆఖరున వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి.

“మూడో రావే నాకు సరిగ్గా రావట్లా మామ్మగారూ. మీరు చిన్నప్పుడు ఎట్టా అనేవాళ్ళు?” అని అడిగింది.

నాంచారమ్మ పిల్ల మొహం తుడిచింది. “మూడోది నేను అన్లేదమ్మా. రెండోదీ అన్లేదు. అయ్యి కమిటీవాళ్ళు పాడినయ్యి.”

చందన ముక్కు ఎగబీల్చుకుంది. ఆ మొహంలో ఏడుపు పోయి ఆశ వచ్చింది.

“అయితే వచ్చే ఏడు వాళ్ళ దగ్గర నేర్చుకుంటే నాకు ఫస్టొచ్చిద్దా మామ్మగారూ?”

వైజయంతి తల పక్కకి తిప్పుకుంది. నాంచారమ్మ పిల్ల చెయ్యి వదల్లేదు.

“వచ్చిద్ది తల్లీ” అంది. “ఖాయంగా వచ్చిద్ది.”